కుడికాలి బూటు

మా ఇంట్లో గోడ మీద ఒక సర్టిఫికెట్ ఉంది. దానికి అద్దం కట్టించింది మా ఆవిడ. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ ఇచ్చేలోపు దాన్ని చూపిస్తుంది. పైన 'నిజాయితీకి గుర్తింపుగా' అని బంగారు రంగు అక్షరాలు, కింద నా టోకెన్ నంబరు. పేరు రాయడానికి చోటు చాలలేదేమో. దాంతోపాటు ఇచ్చిన స్టీలు టిఫిన్ బాక్సులో ఇప్పుడు పోపు గింజలు ఉంటున్నాయి. చూసినవాళ్ళు "గొప్పోనివప్పా" అంటారు. నేను తల వంచుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

అది వినయం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పొద్దున్నే మెడలో కార్డు వేలాడేసుకుని కంపెనీ బస్సు కోసం నిలబడే పిల్లలు నన్ను అడుగుతుంటారు, గంటల లెక్క పనిలో లాభమేమి, నష్టమేమి అని. రెండూ ఉన్నాయి. కాకపోతే నా విషయంలో లాభం నాకు వచ్చింది, నష్టం ఇంకొకరికి పోయింది. మీరు చేరేముందు ఆ సంగతి తెలిసి ఉంటే మంచిది.

నేను యాభై ఏళ్ళకు ఉద్యోగంలో చేరాను. అంతకుముందు ముప్పై ఐదేళ్ళు ధర్మవరంలో పట్టుచీరలు నేశాను. అది నేను వెతుక్కున్న పని కాదు. మా నాయన కాళ్ళు పెట్టిన గుంతలోనే నేనూ కాళ్ళు పెట్టాను, అంతే. గుంత మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: నేసేవాడు గట్టు మీద కూర్చుంటాడు, కాళ్ళు కింద గుంతలో ఉంటాయి, ఆ కాళ్ళతో చెక్కలు తొక్కుతాడు. పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒక పోగు తెగితే కంటికంటే ముందు అరికాలికి తెలుస్తుంది. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, మా వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

మరమగ్గాలు వచ్చాక జనం చేతిమగ్గం చీరను మెచ్చుకోవడం మొదలుపెట్టి, కొనడం మానేశారు. మెప్పుతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చాను. తర్వాత మగ్గం అమ్మేశాను. గుంత పూడ్పించి, సిమెంటు వేయించి, బండ పరిపించాను. ఇప్పుడు ఆ చోట ఫ్రిజ్ ఉంది. ఈ ఫ్రిజ్‌ను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దాని పని పడుతుంది.

పెనుకొండ దాటాక హైవే పక్కన ఒక ఫ్యాక్టరీ ఉండేది. కార్ల సీట్లకు తొడుగులు కుట్టేవాళ్ళు. నన్ను పెట్టుకున్నది ఆ ఫ్యాక్టరీ కూడా కాదు, దానికి మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు. అతని ఆఫీసులో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని అనుభవం ఎంత అని అడిగింది. ముప్పై ఐదేళ్ళు మగ్గం నేశానన్నాను. తెర మీద పైకీ కిందికీ వెతికింది.

"దానికి ఇందులో గడి లేదంకుల్," అని చెప్పి, 'ఫ్రెషర్' అని కొట్టింది.

ఇంటికి వచ్చి మా ఆవిడతో నేను ఫ్రెషర్‌నయ్యానన్నాను. ఆమె నా నెత్తి మీద తెల్లవెంట్రుకలు చూసి నవ్వింది.

జీతం గంటకింత. పొద్దున ఆరుకు గేటు దగ్గర కార్డు పెట్టాలి. ఆరూ రెండుకు పెడితే మన గంట ఆరుంబావుకు మొదలవుతుంది. మధ్యలో పదమూడు నిమిషాలు మనం పనిచేస్తాం, చెమట కూడా పోస్తుంది, కానీ కంపెనీ లెక్కలో మనం అప్పటికి ఇంకా పుట్టలేదు.

లాభాలు చెప్పకపోతే పాపం తగులుతుంది. నా బతుకులో మొదటిసారి ఆదివారం అనేది వచ్చింది. మగ్గం ఇంట్లో ఉన్నవాడికి ఆదివారం ఉండదు, పండుకుంటే మగ్గం కళ్ళముందే కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం రెండుకు సైరన్ మోగితే సూది గుడ్డలో ఉండగానే లేచిపోవచ్చు. నాకు అది చాలా రోజులు చేతకాలేదు. మిగిలిన నాలుగంగుళాలు పూర్తిచేసి లేచేవాణ్ణి. తర్వాతి షిఫ్టు మనిషి వెనక నిలబడి, "లేయన్నా, ఆ నాలుగంగుళాలు నా గంటలోవి," అనేవాడు. క్యాంటీన్‌లో అన్నం వేడిగా ఉండేది. ఎకరాలకు ఎకరాలున్న ఇంటి పిల్లవాడూ నేనూ ఒకే బల్ల మీద తినేవాళ్ళం. ఊళ్ళో అయితే వాళ్ళ గడప దగ్గర నేను చెప్పులు విడిచి నిలబడాలి.

నష్టాలు ఏమిటంటే, నేను ఏమి చేస్తున్నానో నాకు ఎప్పుడూ కనిపించేది కాదు. చీరైతే మడత విప్పి చూసుకునేవాణ్ణి. ఇక్కడ నా పని వెనక సీటుకు ఎడమ పక్క, వీపు ఆనేచోట ఒక అతుకు. అంతే. ఏడేళ్ళలో నేను కుట్టినదాని మీద నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇప్పటికీ హైవే మీద కారు పోతుంటే ఎడమ పక్క కూర్చున్నవాణ్ణే చూస్తాను.

మాకు లైను లీడరుగా ఒక హిందూపురం అమ్మాయి ఉండేది. ముప్పై దాటి ఉంటుంది. తల్లితో కలిసి ఉండేది. అక్కడ గార్మెంట్స్‌లో కొన్నాళ్ళు చేసి, ఇక్కడికి వచ్చి చిన్న పని నుంచి ఎక్కుతూ లీడరైంది. లీడరే గానీ ఆమెదీ గంటల లెక్కే. మామూలుగా సగం కన్నడం కలిపి మాట్లాడేది, కోపం వస్తే పూర్తి కన్నడంలోకి వెళ్ళేది. కుట్టు సరిగా ఉందో లేదో చూడటానికి స్కేలు వాడేది కాదు. బొటనవేలి గోరును అతుకు వెంబడి జరిపేది. గోరు ఎక్కడ ఆగితే అక్కడ తప్పు.

మొదటి వారం నా అతుకుల మీద ఆ గోరు అడుగడుగునా ఆగింది.

"ఏమన్నా ఇది, ఎద్దు ఉచ్చ పోసినట్ల వంకర్లు తిరిగుండాది?"

"ఈ బూట్లు పాపా. కాలికి ఏమీ తెలియడం లేదు."

"బూట్లు లేకుంటే గేటు కాడే నిలిపేస్తారు. బరువైనవి కాళ్ళ మీద పడితే వేళ్ళు యాడుంటాయి? అలవాటు సేసుకోన్నా."

కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బూట్లు అవి. ముందు భాగంలో ఇనుప రేకు. రెండూ కలిపి మా మనవరాలంత బరువు. ఆ బూటుతో మిషన్ పెడల్ తొక్కితే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుండేది. ముప్పై ఐదేళ్ళు వట్టి కాలితో చెక్కలు తొక్కినవాణ్ణి. రెండో వారంలో ఒకరోజు ఇక ఓర్చుకోలేక కుడికాలు మెల్లగా బయటికి తీశాను. మేజోడు కూడా లాగేశాను. పెడల్ చల్లగా అరికాలికి తగిలింది. ప్రాణం లేచొచ్చింది. గుడ్డ ఎక్కడ మందంగా ఉందో, దారం ఎక్కడ బిగుస్తోందో కాలికి తెలిసిపోతోంది. ఆ రోజు నా మిషన్ నుంచి తుక్కు కింద ఒక్క ముక్క కూడా పోలేదు. మర్నాడూ పోలేదు.

మిషన్ కింద గుడ్డ ముక్కలు వేసే నీలం టబ్బు ఉండేది. దాని వెనక బూటు దాచేవాణ్ణి. తొమ్మిదిన్నరకు టీ, పన్నెండుకు అన్నం, ఎప్పుడు లేవాలన్నా ఒక్క క్షణంలో తొడుక్కునేవాణ్ణి. ఎవరికీ తెలియదనుకున్నాను. ఏడాదిన్నర అలాగే గడిచింది.

నా పక్క మిషన్ మీద రామగిరి దిక్కు మనిషి ఉండేవాడు. గొర్రెలు మేపే ఇల్లు. ఇంకా ఇంట్లో మంద ఉంది, అన్న చూసుకుంటాడు. ఇతనికి ఒక అలవాటు. బస్సు ఎక్కగానే కిటికీ దగ్గర కూర్చుని జతలు జతలుగా మనుషుల్ని లెక్కపెట్టేవాడు. "ఇద్దరు రాలేదు డ్రైవరన్నా, నిలుపు," అనేవాడు. నిలిపితే ఇద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. ఏమప్పా, ఎట్లా తెలుస్తుంది అంటే, "మందలో ఒకటి తప్పితే కడుపులో కెలికినట్ల అవుతాదన్నా, అన్నం దిగదు," అనేవాడు. మేము ఎగతాళి చేసేవాళ్ళం.

రెండో ఏడాది ఒక నోటీసు వచ్చింది. లైను లీడర్లలో ఒకరిని పర్మనెంట్ చేస్తారు. లైను నుంచి తుక్కు తక్కువ పోవాలి, సేఫ్టీలో ఒక్క మచ్చ కూడా ఉండకూడదు. అందరికంటే తక్కువ తుక్కు మా లైనుది. మచ్చ లేదు. అంటే మా లీడరమ్మాయే. క్యాంటీన్‌లో అందరూ ముందే ఓళిగలు, అదే బొబ్బట్లు, అడగడం మొదలుపెట్టారు. నేనూ అడిగాను.

"ఓళిగలు సేసుకొస్తాలేన్నా. నెయ్యి కూడా తెస్తా."

"పర్మనెంట్ అయితే మొదట ఏం చేస్తావు పాపా?"

"జొరం తెచ్చుకుంటా."

"ఏమీ?"

"అవున్నా. మూడు దినాలు జొరం. దుప్పటి కప్పుకోని పండుకుంటా, మా అమ్మ గంజి కాసిస్తాది. జీతం దుడ్లు మాత్రం వాటి పాటికవి నడస్తాండాల. పదేండ్లాయ, జొరం వస్తే మాత్ర మింగి లైన్లోకి వస్తాండా. జొరాన్ని జొరం మాదిరి అనుభవించిందే లేదు నేను."

బల్లంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. అన్నం కలుపుకుంటూ నిజంగానే ఆ మూడు రోజుల గురించి ఆలోచిస్తున్నట్టు కనిపించింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పర్మనెంట్ జాబితా రావడానికి వారం ముందు, మా సరుకు కొనే కంపెనీ నుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు. వాళ్ళ ముందు మాక్ డ్రిల్. అంటే నిప్పు అంటుకున్నట్టు సైరన్ మోగుతుంది, మూడు నిమిషాల్లో అందరూ బయట పచ్చబోర్డు దగ్గర నిలబడాలి, ప్రతి లీడరూ తన లైను మనుషుల్ని లెక్కపెట్టి అందరూ ఉంటే పచ్చజెండా, తక్కువైతే ఎర్రజెండా ఎత్తాలి. ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ చెప్పరు. కాబట్టి పదకొండు గంటలకు నిప్పు అంటుకోబోతోందని క్యాంటీన్‌లో గిన్నెలు తోమే మనిషికి కూడా తెలుసు. నేను పదకొండుకు ఐదు నిమిషాలుండగా బూటు తొడుక్కుందామని లెక్క వేసుకున్నాను.

వచ్చినవాళ్ళకు విమానానికి టైమవుతోందట. సైరన్ పదకొండుకు ఇరవై నిమిషాల ముందే మోగింది.

మిషన్లు ఆగిపోయాయి. లైట్లు పోయాయి. అందరూ లేచారు. నేను కాలు చాపి టబ్బు వెనక వెతికాను. టబ్బు లేదు. కాసేపటి ముందు తుక్కు ఎత్తేవాళ్ళు దాన్ని ఈడ్చుకుపోయారు, దాంతోపాటు నా బూటు కూడా ఎటో జరిగిపోయింది. అలాగే వట్టి కాలితో బయటికి పోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు. గుంపులో కలిసిపోయి ఉండేవాణ్ణేమో. కానీ తనిఖీవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. అర నిమిషంలో దొరుకుతుందిలే అనుకున్నాను. తెగిన పోగును అలాగే వదిలేసి లేవని అలవాటు నాది. మోకాళ్ళ మీద వంగి, ఆ చీకట్లో మిషన్ల కింద పాకడం మొదలుపెట్టాను.

బయట జరిగింది నాకు గొర్రెల ఇంటి మనిషి తర్వాత చెప్పాడు. మా లైనులో ఇరవై నలుగురం. మా లీడరమ్మాయి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. ఊడ్చే ఆమె ఒకావిడ, మాలాంటి కోటే వేసుకుని, మా వరసలో నీడ ఉందని వచ్చి నిలబడింది. ఆ సంగతి మా లీడరమ్మాయి గమనించలేదు. పచ్చజెండా ఎత్తేసింది. అందరికంటే ముందు ఎత్తింది మా లైనే. తనిఖీవాళ్ళు గడియారం చూసి తల ఊపారు.

అప్పుడు ఇతనికి కడుపులో కెలికింది.

"అక్కా, మన మంద ఇరవై మూడే. ఆయమ్మ మనది కాదు. ఒకటి తక్కువుండాది."

ఆమె వెనక్కి తిరిగి వరస చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. లోపల ఎవరున్నారో ఆ క్షణమే ఆమెకు తెలిసిపోయిందని ఇతను అంటాడు. లోపల నిప్పు లేదు, ఉత్త సైరన్. ఇంకో నిమిషం ఊరుకుంటే నేనే నడుచుకుంటూ వచ్చేవాణ్ణి. పచ్చజెండా అలాగే పట్టుకుని ఉంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఇతను కూడా ఇంకోసారి నోరెత్తేవాడు కాదు. ఆమె పచ్చజెండా దించి ఎర్రజెండా ఎత్తింది.

నిజాయితీ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఆ చేతికి.

లోపలికి రక్షణ దళం వచ్చింది. వాళ్ళు కూడా మావాళ్ళే, పసుపు హెల్మెట్లు పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి ఇసుక మూటను స్ట్రెచర్ మీద మోసి మోసి విసిగిపోయి ఉన్నారు. వాళ్ళకు నిజం మనిషి దొరికాడు.

"నాకేం కాలేదప్పా, లేస్తాండా," అన్నాను.

"మాట్లాడొద్దన్నా. నీకిప్పుడు స్పృహ లేదు," అని ఒకడు నా చేతులు స్ట్రెచర్‌కు కట్టేశాడు.

అలా నన్ను నలుగురు మోసుకుంటూ, రెండువందల మంది ముందు, ఒక కాలికి బూటుతో, ఒక కాలు వట్టిదిగా, ఎండలోకి తెచ్చారు. తల కొట్టేసినట్టయింది. మా లీడరమ్మాయి ఎర్రజెండా ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది. నా ముఖం చూడలేదు. నా పాదం చూసింది.

సేఫ్టీ ఆఫీసరు గదిలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చారు. ఆయన చిన్న వయసువాడు, మంచివాడు. ఎదురుగా ఒక ఫారం పెట్టుకున్నాడు. గదికి గాజు తలుపు. బయట మా లీడరమ్మాయి నిలబడి ఉంది.

"కళ్ళు తిరిగాయా పెద్దాయనా? పడినప్పుడు బూటు ఊడిపోయి ఉంటుంది. అంతేనా?" అన్నాడు. జవాబు ఆయనే అందిస్తున్నాడు. నేను మాట్లాడకపోయేసరికి రెండు వేళ్ళు చూపించి వివరంగా చెప్పాడు. "చూడండి, ఇందులో రెండే ఉన్నాయి. కళ్ళు తిరిగాయంటే అది ఆరోగ్యం విషయం. లైనుకు మచ్చ రాదు. కానీ మీ వయసుకు కళ్ళు తిరిగాయని రాస్తే కాంట్రాక్టరు మళ్ళీ మిషన్ మీద కూర్చోబెట్టడు, అది నా చేతిలో లేదు. బూటు మీరే తీశారంటే అది రూలు తప్పడం. మొదటిసారి కాబట్టి మీకు ఉత్త హెచ్చరిక, ఒకరోజు ట్రైనింగు. మచ్చ మాత్రం లీడరు రికార్డులో పడుతుంది."

ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. ఒక అబద్ధం ఆడితే నేను ఇంటికి పోతాను, ఆమె పర్మనెంట్ అవుతుంది. నిజం చెబితే నేను ఉంటాను.

గాజులోంచి ఆమె వైపు చూశాను. మూడు రోజుల జ్వరం గుర్తొచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో గుంత లేదు, గుంత మీద ఫ్రిజ్ ఉంది. మా చిన్న కూతురు అనంతపురంలో నర్సింగ్ చివరి ఏడాది. ఆయన పెన్ను పట్టుకుని కాచుకుని ఉన్నాడు.

"బూటు నేనే తీసినాను సార్. ఏడాదిన్నర నుంచీ తీస్తాండా," అన్నాను.

నా బతుకులో నిజం అంత అనుకూలంగా ఎప్పుడూ దొరకలేదు. ఆఫీసరు పెన్ను కింద పెట్టి, లేచి నిలబడి నాకు చెయ్యి ఇచ్చాడు. తప్పు ఇంత ధైర్యంగా ఒప్పుకున్న మనిషిని తను ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నాకు కలిగిన సిగ్గు మాటల్లో పెట్టలేను. అయినా పట్టుకున్నాను.

జాబితాలో వేరే లైను లీడరు పేరు వచ్చింది. ఆ మరుసటి నెల సేఫ్టీ వారోత్సవాలు. నన్ను వేదిక మీదికి పిలిచి సర్టిఫికెట్, టిఫిన్ బాక్సు ఇచ్చారు. ఆఫీసరు నా గురించి ఐదు నిమిషాలు మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా లీడరమ్మాయి కూడా కొట్టింది. గొర్రెల ఇంటి మనిషి ఒక్కడే కొట్టలేదు. అతను చాలా రోజులు బస్సులో ఎవరినీ లెక్కపెట్టలేదు. ఒకరిద్దరు బస్సు తప్పిపోయినా నోరు మెదపలేదు.

తర్వాత ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. "అన్నా, దారం మార్చు." "అన్నా, ఈ ముక్క సూడు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. నేను రెండు బూట్లూ తొడుక్కునే కుట్టాను. మొదట అంతా వంకరే. ఆమె గోరు ఆగినచోట కుట్టు విప్పి ఇచ్చేది, నేను మళ్ళీ కుట్టేవాణ్ణి. ఒకరోజు కళ్ళు ఎర్రగా ఉండి వణుకుతూ వచ్చింది. మాత్ర మింగిందని తెలుస్తూనే ఉంది. ఇంటికి పో పాపా అనబోయాను. వంగి దారం మార్చుకున్నాను. ఆ మాట అనే అర్హత నాకెక్కడిది?

ఏడెనిమిది నెలలకు ఆమె రావడం మానేసింది. గంటల మనుషులు రాజీనామా ఇవ్వరు, వీడ్కోలు సభలు ఉండవు. ఒకరోజు లైను బోర్డు మీద, వాళ్ళ పేరున్నచోట, వేరే పేరు ఉంటుంది. పని ఆగదు.

నేను ఇంకో ఐదేళ్ళు చేశాను. కూతురు ఉద్యోగంలో చేరింది. మెల్లగా బూటులోని కాలు కూడా దారికొచ్చింది. నా రిటైర్మెంట్ ఎలా జరిగిందంటే, ఒక సోమవారం పొద్దున ఆరుకు ఐదు నిమిషాలుండగా గేటు దగ్గర కార్డు పెట్టాను. మిషన్ పలకలేదు. మళ్ళీ పెట్టాను. ఎర్రలైటు.

"కాంట్రాక్టు పొడిగించలేదంట పెద్దాయనా. మీకు మెసేజ్ రాలేదా?" అన్నాడు సెక్యూరిటీ అతను.

రాలేదు. కంపెనీ బస్సు అప్పటికే తిరిగి వెళ్ళిపోయింది. నడుచుకుంటూ హైవే మీదికి వచ్చి నిలబడ్డాను. ధర్మవరం బస్సు ఎక్కాలి. హిందూపురం బస్సు ముందు వచ్చింది. ఎక్కేశాను.

ఆమె హిందూపురంలో ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు పెట్టుకుని స్కూలు బ్యాగులు కుడుతోందని గొర్రెల ఇంటి మనిషి ఎప్పుడో చెప్పాడు. వీధి కూడా చెప్పాడు. ఐదేళ్ళు ఆ వీధి పేరు మనసులో పెట్టుకుని తిరిగాను. గడప దగ్గర బూట్లు విడుస్తుంటే లోపలి నుంచి చూసింది.

"ఏమన్నా, దారి తప్పినావా?"

"కార్డు పలకలేదు పాపా."

ఆమె పీట మీది గుడ్డలు తీసి నాకు చోటు చేసింది. వాళ్ళమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. గదినిండా నీలం గుడ్డ, బ్యాగుల పట్టీలు. కాఫీ సగం తాగాక చెప్పేశాను.

"ఆ పొద్దు ఆయప్ప నన్ను రెండు అడిగినాడు పాపా. కండ్లు తిరిగినాయని చెప్పింటే..."

"తెలుసన్నా."

"ఎట్ల తెలుసు?"

"గాజు తలుపు కదా. ఆయప్ప రెండు వేళ్ళు సూపిచ్చినాడు. నువ్వు నన్ను సూసినావు. మళ్ళా ఆయప్పను సూసినావు. అప్పుడే తెలిసిపోయ."

"నా మీద కోపం రాలేదా?"

"రాకుండా ఎట్లుంటాదన్నా? శానా వచ్చె. రెండేండ్లు ఉండె. నీకు సర్టిఫికెట్ ఇస్తాంటే సప్పట్లు కొట్టినా సూడు, ఆ పొద్దు ఇంటికొచ్చి మా అమ్మ మీద అరిసినా." కత్తెరతో దారం తెంపి, మళ్ళీ అంది. "నువ్వు బూటు ఇడిసేది నాకు మొదటినుంచీ తెలుసు. అడిగితే నీ కుట్టు మళ్ళా వంకరపోతాది, నా తుక్కు పెరుగుతాది. సూసీ సూడనట్ల ఉంటి. దాంట్లో నా ఆశ కూడా ఉండాది కదన్నా."

నేను తల ఎత్తలేకపోయాను. ఏదో ఒకటి అడగాలని, ఇప్పుడు జ్వరం వస్తే ఏం చేస్తావన్నాను.

"పండుకుంటా. దుడ్లు కూడా నాతోపాటే పండుకుంటాయి," అని నవ్వింది. తర్వాత రెండో మిషన్ వైపు చెయ్యి చూపింది. "స్కూళ్ళు తెరిసేలోపల ఈ బ్యాగులు కుట్టి ఇచ్చేయాల. ఆ మిషన్ మీద సేసే ఆయమ్మ ఊరికి పోయింది. ఉత్తగా కూర్చోని కండ్లు తుడుసుకునేకంటే ఆ పట్టీ ఒకటి కుట్టిపెట్టు."

కూర్చున్నాను. బూట్లు గడప బయట ఉన్నాయి. వట్టి కాలు పెడల్ మీద పెట్టాను. లోపల ఎక్కడో సంతోషమేసింది. ఇన్నేళ్ళకు నా కాలు నాకు దొరికిందనుకున్నాను. పట్టీ ఒక చివర నుంచి ఇంకో చివరకు కుట్టి ఆమెకు ఇచ్చాను.

బొటనవేలి గోరు పెట్టి జరిపింది. ఆగింది. ఇంకొంచెం జరిపింది. ఆగింది.

నేను తీసుకుని చూశాను. మొదటి వారం కుట్టిన దానికంటే అధ్వానంగా ఉంది. ఇంకొకటి కుట్టాను. అదీ అంతే. పెడల్ చల్లగా తగులుతోంది, కానీ కాలికి ఏమీ తెలియడం లేదు. పడుగులో ఒక పోగు తెగితే పట్టుకున్న అరికాలు అది. మా నాయన ఇచ్చిపోయింది. ఎప్పుడు పోయిందో కూడా నేను చూసుకోలేదు. ఏడుపొచ్చింది, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆమె లేచి గడప దాకా పోయింది. నా కుడికాలి బూటు తెచ్చి పెడల్ పక్కన పెట్టింది.

"తొడుక్కో."

"ఇంట్లోనా పాపా?"

"తొడుక్కోన్నా."

వాళ్ళమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఎడమకాలు వట్టిదిగా, కుడికాలికి బూటుతో కూర్చుని మూడో పట్టీ కుట్టాను. ఆమె గోరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆగకుండా పోయింది. ఇంకోసారి జరిపి చూసింది. ఆ పట్టీని చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

"ఆ పొద్దు ఇది కాలికి ఉండింటే సాలు కదన్నా," అంది.

చెయ్యి చాపి తర్వాతి పట్టీ అందుకున్నాను. పొద్దుగూకేదాకా కుట్టాను. ఎన్ని గంటలైందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.